చెవి మేస్త్రి తేల్చిన గిటారు

చెవి మేస్త్రికి ఆ పేరు పెట్టింది బావ. సొంత బావ కాదు, ఒకే వీధిలో పెరిగిన స్నేహితుడు. చిన్నప్పుడు సరదాకి ఒకరినొకరు బావా అనుకోవడం మొదలై యాభై ఏళ్లు నిలిచిపోయింది. బావకు పెళ్లయ్యాక ఆ లెక్కన ఆయన భార్య మేస్త్రికి చెల్లెలైంది. ఆమె కూడా తడుముకోకుండా మొదటి రోజే అన్నయ్యా అంది. బావ క్లబ్బు బ్యాండులో గిటారు వాయించేవాడు. ఆ గిటారుకు ఏ జబ్బు చేసినా మేస్త్రి దగ్గరికే వచ్చేది.

మేస్త్రి పనిగది టైర్ల కొట్టు పైన, ఇల్లు కింద కొట్టు వెనకాల ఉండేవి. గోడ పొడవునా కొక్కేలు, కొక్కేలకు మెడలతో వేలాడే గిటార్లు. కిటికీ కింద బల్ల, బల్ల మీద జిగురు డబ్బా, ఉలులు, గిటారు కడుపులోకి తొంగిచూడటానికి పళ్ల డాక్టరు వాడేటటువంటి చిన్న అద్దం. కింద టైరు పేలినా తలెత్తేవాడు కాదు. మూలనున్న గిటారు తీగ చలికి ఒక పిసరు బిగుసుకుంటే మాత్రం పట్టేసేవాడు.

అన్నిట్లోకీ అతనికి ఇష్టమైనవి పాతకాలపు సెమీ హాలో గిటార్లు, అంటే సగం బోలువి. పూర్తి బోలు గిటారును గట్టిగా వాయిస్తే ఊళపెడుతుంది. గట్టి చెక్క గిటారు కరెంటు పోతే మూగదైపోతుంది. ఇది రెంటికీ మధ్య. కడుపులో నిలువునా ఒక చెక్క దిమ్మ, దానికి చెరోపక్కా ఖాళీ. కరెంటు ఇవ్వకపోయినా పక్కగదిలో ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు వినిపిస్తుంది. ఏళ్లు గడిచే కొద్దీ చెక్క ఎండి దేని గొంతు దానికి కుదురుకుంటుంది. ఒకే కంపెనీలో ఒకే ఏడాది తయారైనవి కూడా అన్నదమ్ముల్లాంటివే. పోలిక ఉంటుంది, మాట తీరు వేరు.

రెండు గిటార్లను పోల్చి చెప్పమంటే అతనికొక పద్ధతి ఉండేది. రెంటికీ ఒకే రకం కొత్త తీగలు ఎక్కించాలి. యాంప్లిఫయరు మీద బిళ్లలు ఒకసారి తిప్పాక మళ్లీ ముట్టుకోకూడదు. వాయించేది వేరొకరు. తను గోడవైపు తిరిగి కూర్చుంటాడు, ఫలితం చెప్పేదాకా వెనక్కి చూడడు. రంగు, మెరుపు, కంపెనీ పేరు చూస్తే చెవి ఆ మాటే వింటుందని అతని నమ్మకం. "కళ్లతో చూసి చెప్పడానికి నేనెందుకు? కొనేవాడికి లేవా కళ్లు?" అని కసురుకునేవాడు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. కనీసం ఎవరూ తప్పని నిరూపించలేదు.

అరవై దాటిన ఏడాది భార్యకు జ్వరమొచ్చింది. ఆమె నోట్లో డిజిటల్ థర్మామీటరు పెట్టి, మంచం పక్కన కుర్చీ వేసుకుని, అది కూస్తుందేమోనని అతను ఓపిగ్గా కాచుకున్నాడు. చివరికి ఆమే దాన్ని పీకి పారేసింది.

"ఎంతసేపు కూయాలండీ అది? నోట్లో పెట్టుకుని నేను మాట్లాడలేను, మీకేమో వినపడదు! జ్వరంతో పోను గానీ ఈ పుల్లతో పోయేలా ఉన్నాను."

"కూసిందా?"

"కాకిలా కూసింది."

అతను థర్మామీటరును చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ నొక్కాడు. అంకెలు మారాయి. చప్పుడు లేదు. బ్యాటరీ అయిపోయి ఉంటుందన్నాడు. ఆమె దాన్ని అతని చేతిలోంచి తీసుకుని డబ్బాలో పెట్టేసింది. చెవి డాక్టరు దగ్గరికి వెళ్దామని ఆ తర్వాత రెండుసార్లు అడిగింది. "చెవి మేస్త్రి చెవి డాక్టరు గుమ్మంలో కూర్చున్నాడని తెలిస్తే రేపు పని ఎవడిస్తాడే?" అన్నాడతను. మాటలు వినిపిస్తున్నాయి, పాట వినిపిస్తోంది. పోయిందల్లా పైన సన్నగా ఉండే అంచు మాత్రమే. అంచు లేకపోయినా బట్ట బట్టే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఆ చలికాలం బావ ఊపిరితిత్తుల జబ్బుతో మంచమెక్కాడు. నాలుగు నెలలు ఆసుపత్రిలోనే ఉండి కన్నుమూశాడు. ఆ నాలుగు నెలల్లోనే క్లబ్బు మూతపడింది. బ్యాండు గదిలో ఉన్నవన్నీ మూటగట్టి పాత వాయిద్యాల షాపుకు అమ్మేశారు. అందులో బావ సొంత గిటారు కూడా పోయింది. పక్కన క్లబ్బుది ఇంకొకటి ఉండేది. అదే కంపెనీ, అదే ఏడాది, అదే ఎరుపు.

కర్మ చాలనట్టు షాపాయన పనిమంతుడు. బేరానికి కళగా ఉండాలని రెంటికీ పాత రంగు గీకించి కొత్త ఎరుపు కొట్టించాడు. మెడలు నున్నగా చెక్కించాడు. బిళ్లలు మార్చాడు, లోపలి చీటీలు కూడా చిరిగిపోయాయని పీకేశాడు. బావ బొటనవేలు ముప్పై ఏళ్లు ఒరిసి చేసిన గుంట ఏ గిటారు మీదా లేదు. మేస్త్రి చేతికి రెండు మెడలూ ఒకేలా తగిలాయి.

చెల్లెలు షాపుకు వెళ్లి బతిమాలుకుంది. బావ రోజూ సాయంత్రం వంటగది గుమ్మంలో స్టూలు వేసుకుని, కరెంటు లేకుండా ఆ గిటారు వాయించేవాడు. ఆమెకు కావలసింది ఆ చప్పుడు. షాపాయన చెడ్డవాడేం కాదు. ఇంట్లో మిగిలిన బావ యాంప్లిఫయరు తనకిచ్చి, బదులుగా ఒక గిటారు పట్టుకెళ్లమన్నాడు. "ఏది మీదో మీరే తేల్చుకోండమ్మా. రెండోదాన్ని వచ్చేవారం విప్పేస్తున్నాను. ఈ కాలపు గిటార్లకు గిరాకీ లేదు, పార్టులకుంది. ముక్కలుగానే పోతుంది," అని ముందే చెప్పాడు.

తేల్చడానికి చెవి మేస్త్రి కాక ఇంకెవరున్నారు?

తేల్చాల్సిన రోజు ఉదయం, కబురు తెలిసి, గిటారు వాయించే కుర్రాళ్లు ముగ్గురు కూడా షాపులో చేరారు. చెవి మేస్త్రి పరీక్ష చూడటమంటే వాళ్లకు మోజు. ఒకడు వాయించడానికి సిద్ధంగా కూర్చున్నాడు. మేస్త్రి తన పద్ధతి ప్రకారం కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు.

షాపాయన అడిగాడు, "మేస్త్రీ, ఇంత తతంగం ఎందుకు? లోపల లైటేసి చూస్తే పోదా? ఎప్పుడో నువ్వే ఏదో అతికించి ఉంటావు, నీ చేతి గుర్తు లోపల ఏదీ లేదా?"

ఉంది. పందొమ్మిదేళ్ల కింద బావ గిటారులో చెక్క దిమ్మ ఊడిపోతే అతనే అతికించాడు. దాని మీద పెన్సిల్ రాత ఉంది. సంచిలో చిన్న అద్దం ఉంది, టార్చి ఉంది. రెండు నిమిషాల పని. అతని చెయ్యి సంచి దాకా వెళ్లింది కూడా.

"అయ్యో, అద్దం పెట్టి చూడటానికి చెవి మేస్త్రి కావాలా?" అని కుర్రాళ్లలో ఒకడు నవ్వాడు.

చెయ్యి వెనక్కి వచ్చింది. "వాయించవయ్యా," అన్నాడు మేస్త్రి.

మొదటి గిటారు మోగింది. దుప్పటి కప్పుకుని మాట్లాడే మనిషిలా ఉంది. బావ గిటారు ఇలా ఉండేది కాదు. నిండుగా ఉంటూనే ప్రతి మీటుకూ మొదట్లో ఒక మెరుపు ఉండేది, చల్లటి నీళ్లలో వేలు పెట్టినట్టు. ఇందులో ఆ మెరుపు లేదు.

రెండోది మోగింది. నిండుదనం ఉంది, దాని మీద మెరుపు ఉంది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. స్టూలు, వంటగది గుమ్మం, బావ మోకాలు ఊగడం, అన్నీ కనిపించాయి. మళ్లీ వినాల్సిన పని లేదనిపించింది.

"రెండోది," అన్నాడు.

చెల్లెలు రెండడుగులు ముందుకొచ్చింది. "అన్నయ్యా, ఇది కాస్త గిచ్చినట్టు లేదూ? చెవిలో పుల్ల పెట్టినట్టు? మొదటిదే ఆయనది లాగా…"

"కొత్త తీగలమ్మా. నెల పోతే ఆ పదును పోతుంది."

"మరి మొదటిది..."

"ముప్పై ఏళ్లు ఈ చేతుల్లో పెరిగిందమ్మా అది. నాకు తెలీదా?"

కుర్రాళ్లు తలలూపారు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "నీకంటే ఎవరికి తెలుస్తుందిలే అన్నయ్యా," అంది. రెండో గిటారు ఆమెతో ఇంటికి వెళ్లింది.

అయిదు వారాల తర్వాత షాపాయన మనిషి ఒక గోనెసంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో గిటారు డొక్క ఉంది. మెడ లేదు, తీగలు లేవు, లోహమన్నది ఏదీ మిగల్లేదు. పాత చెక్క, అతుకులకు పనికొస్తుందని పంపాడు. తీగల చప్పుడు పట్టే పికప్పులు పీకేసిన చోట పెద్ద కంతలు. ఇప్పుడు అద్దం అక్కర్లేదు. మేస్త్రి దాన్ని కిటికీ వైపు వంచాడంతే, దిమ్మ మీద అక్షరాలు కనిపించాయి. తారీఖు తన చేతిరాత. దాని కింద బావ రాత. ఆ రోజు మూత బిగించే ముందు పెన్సిల్ లాక్కుని రాశాడు, రాస్తూ తెగ నవ్వాడు.

"ఇది మళ్లీ విరిగితే పూచీ మా బావది."

మేస్త్రి చాలాసేపు కూర్చున్నాడు. జరిగిందేమిటో అర్థం చేసుకోవడానికి పనివాడికి అంతసేపు పట్టదు. బావ గిటారు మెరుపు అక్కడే ఉంది, అది వినే చెవే లేదు. అందుకే అది దుప్పటి కప్పినట్టు వినిపించింది. రెండోది మామూలు చెవులు భరించలేనంత పదునైన గిటారు. ఆ పదునులో సగం తన చెవి మింగేస్తే, మిగిలింది సరిగ్గా తన జ్ఞాపకానికి సరిపోయింది. చెవి బాగున్నవాడెవడైనా ఆ తప్పు చేసేవాడు కాదు. అసలు చెవి లేనివాడైతే అద్దం తీసేవాడు.

షాపుకు ఫోను చేశాడు. పార్టులు నాలుగు చోట్లకు పోయాయని, మెడను మొదటి వారమే ఎవరో పట్టుకెళ్లారని షాపాయన చెప్పాడు. "ఏం, చెక్క బాలేదా?" అని అడిగాడు. బాగుందన్నాడు మేస్త్రి.

భోజనానికి దిగమని కిందినుంచి భార్య మూడుసార్లు పిలిచిందట. పైకొచ్చి బల్ల మీద డొక్కను, అక్షరాలను చూసింది. కుర్చీ చేతిమీద ఆనుకుని నిలబడింది.

"మీ చెల్లెలికి చెప్తారా?"

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఆమె బతికినన్నాళ్లూ బాగానే ఉంటుంది. మీ సంగతే నాకు తెలీదు."

సాయంత్రం గోనెసంచి చంకన పెట్టుకుని వెళ్లాడు. చెల్లెలి ఇంట్లో ఎర్ర గిటారు వంటగది గుమ్మం పక్కన గోడకు ఆనించి ఉంది. దాని మీద పల్చగా దుమ్ము ఉంది. ఆమె తాగడానికి నీళ్లిచ్చింది. అతను గ్లాసు ముట్టుకోకుండా సంచి విప్పి డొక్కను ఆమె ఒళ్లో పెట్టి, చదవమని చూపించాడు. ఆమె అక్షరాల మీద వేలు పెట్టి, చిన్న పిల్లలు చదివినట్టు ఒక్కో మాటా చదివింది.

"తప్పు చెప్పానమ్మా. నాకు చెవి పోయింది. ఏడాదవుతోంది."

ఆమె ఏడవలేదు. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

"ఇంటికి తెచ్చిన రోజే నాకు తెలుసన్నయ్యా," అంది చివరికి. "పక్కింటి అమ్మాయి చేత వాయించి చూశాను. ఆయనది కాదనిపించింది. అప్పటికింకా వారం గడువుంది. షాపుకు వెళ్దామని చెప్పులు కూడా వేసుకున్నాను. అంతమందిలో అంత గట్టిగా చెప్పావు కదా, నాకేం తెలుసులే, నా చెవే చెడిందేమోనని చెప్పులు విప్పేశాను."

అతను ఖాళీ గోనెసంచిని మడతపెట్టాడు.

"ఆ రోజు షాపాయన లైటేసి చూడమన్నాడు. అద్దం ఇంటి దగ్గర మర్చిపోయావా?"

అవునంటే సరిపోయేది. ఆమె ఆ జవాబుకు దారి కూడా వేసిపెట్టింది.

"లేదమ్మా. సంచిలోనే ఉంది."

ఆమె నీళ్ల గ్లాసు పక్కకు జరిపింది. డొక్కను ఒళ్లో సరిచేసుకుని, వేలి కణుపుతో ఒకసారి తట్టింది. మళ్లీ తట్టి, తల వంచి, ఆ శబ్దం పూర్తిగా ఆగిపోయేదాకా విన్నది. మేస్త్రికి వేలు తగిలిన టక్ మన్న చప్పుడు మాత్రమే వినిపించింది. ఆ తర్వాత ఆమె ఏం వింటోందో అతనికి తెలియలేదు.

"ఆ గోడ దగ్గరున్నదాన్ని పట్టుకెళ్లు అన్నయ్యా," అంది తల ఎత్తకుండా. "ఇది ఉండనీ."

అతను గిటారు తీసుకుని గుమ్మం దిగాడు. మెట్ల మీద దాని తీగలు అంగీ గుండీకి తగిలి మోగాయి. బావ గిటారు మోగినట్టే మోగాయి.