హాలీ మొక్కలకు వేణ్ణీళ్ళు

నా చిన్నప్పుడు ఎడారి దేశంలో, అల్ ఘర్రాఫా అనే పేటలో మేమున్న విల్లాను రెండు పోర్షన్లు చేసి అద్దెకిచ్చారు. పెరడు మధ్యలో మోకాలెత్తు గోడ, అవతల పక్కింటి ఆంటీ. ఆవిడదీ మా గోదావరి జిల్లానే, అందుకే నాకు మరీ మంట. సాయంత్రమైతే కుర్చీ మా వైపు తిప్పుకుని కూర్చునేది. మా అమ్మ బట్టలు ఆరేస్తుంటే, "ఏం వదినా, ఆ నైటీకి ఇంకా రిటైర్మెంట్ రాలేదా?" అని తనింటికొచ్చిన చుట్టాలందరూ వినేలా అడిగేది. ఆ నవ్వులు నేను మరిచిపోలేదు. కొన్నాళ్ళకు అమ్మ పెరట్లోకి రావడమే మానేసింది. తడి బట్టలు గదిలోనే ఆరేవి, ఇల్లంతా ముక్కిన వాసన.

గోడ వెంట మొక్కల కంచె పెంచుదామని నాన్నగారు నర్సరీకి వెళ్ళి హాలీ మొక్కలు తెచ్చారు. ముళ్ళ ఆకులు, ఎర్రటి కాయలు, క్రిస్మస్ కార్డుల మీద కనిపించే పొద అది. చలిదేశపు మొక్క ఈ ఎండకు ఆగుతుందా అని ఆయన అడగలేదు, అమ్మినవాడు చెప్పలేదు. డ్యూటీ మధ్యలో భోజనానికి వచ్చినప్పుడల్లా పైపు పట్టుకుని దండిగా నీళ్ళు పెట్టేవారు. ఎంత పెడితే అంత మాడాయి.

అప్పుడే విజిట్ వీసా మీద వచ్చిన మా అమ్మమ్మ ఆ ఎండుపుల్లల్ని చూసింది. మర్నాడు మధ్యాహ్నం నాన్నగారు పైపు తిప్పగానే నన్ను పిలిచి, "వేలు పెట్టి చూడవే" అంది. పెట్టి కెవ్వుమన్నాను. మిద్దె మీది ట్యాంకులో, ఎండలో పడున్న పైపులో నీళ్ళు సలసలా కాగి ఉన్నాయి.

"నీ వేలే ఓర్చుకోలేదు, దాని వేరు ఏం ఓర్చుకుంటుందే?"

నాన్నగారు పైపు వదిలేసి లోపలికి వెళ్ళిపోయారు. గోడవతల ఆంటీ పకపకా నవ్వింది. "అన్నయ్యగారు మొక్కలకి వేణ్ణీళ్ళ స్నానం చేయిస్తున్నారని మేం రోజూ అనుకుంటూనే ఉన్నాం పిన్నిగారూ!"

రోజూ అట! మొదటినుంచీ తెలుసన్నమాట. ఒక్క మాట చెబితే సరిపోయేది. టీ తాగుతూ మా కంచె చావడం చూస్తూ కూర్చుంది.

అమ్మమ్మ గన్నేరు కొమ్మలు తెప్పించింది. విషపు చెట్టని నాన్నగారు నసిగితే, నోట్లో పెట్టొద్దని నాకు గట్టిగా చెప్పి, "ఉప్పునేలకీ ఎండకీ బెదరదు బాబూ" అంది. దగ్గర దగ్గరగా నాటింది. తెల్లారే లేచి, నీళ్ళు చేత్తో పట్టి చూసి మరీ పోసేది. కొమ్మలు గుబురెక్కాలంటే చివర్లు తుంచాలని అమ్మకు నేర్పింది. వెళ్ళే ముందు, మిగిలిన కొమ్మల్ని గోడ మీంచి ఆ ఆంటీకే ఇచ్చి, తెల్లారే నీళ్ళు పొయ్యమని కూడా చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. కంచె ఎదిగి, అమ్మ మళ్ళీ పెరట్లో బట్టలారేసుకున్న రోజున కూడా ఆ మంట తగ్గలేదు.

ఇప్పటికీ ఇదే అల్ ఘర్రాఫాలో ఉంటున్నాను. పక్క పోర్షన్లో కొత్తగా దిగిన తెలుగు జంట పలకరించిన పాపాన పోలేదు. పైగా ఖాళీ అట్టపెట్టెలన్నీ మా గేటు ముందే. మొన్న మిట్టమధ్యాహ్నం ఆ అమ్మాయి కొత్త మొక్కలకు పైపు పట్టింది. చావనీ అనుకుని కిటికీ దగ్గర కుర్చీ లాక్కున్నాను. కూర్చోలేకపోయాను.

"ఏమ్మా! ముందు నీ చెయ్యి పెట్టి చూడు ఆ నీళ్ళలో! పొద్దున్నే పొయ్యాలి. ఆ అట్టపెట్టెలు కూడా తీయించు!" అని బయటికొచ్చి అరిచాను.

ఆ ఆంటీని నేను క్షమించలేదు, క్షమించను. ఆవిడ కూర్చున్న కుర్చీలో మాత్రం కూర్చోను.