తోటికోడలి బర్రె

ఎనభై ఒకటిలో సర్కారు బర్రెలు పంచినప్పుడు వరంగల్ పక్కన ఆ ఊళ్లో అనసూర్యకు తిన్న తిండి ఒంటబట్టలేదు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకామె. అనసూర్యదీ అచ్చం అదే ఏడుపు. బర్రె తనకు రాలేదన్న బాధ కంటే తోటికోడలు రాజవ్వకు వచ్చిందన్న మంటే ఎక్కువ.

అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు చెరి ఎకరం పంచుకున్నారు. అనసూర్య మొగుడు సారయ్య తన ఎకరం కాపాడుకున్నాడు. రాజవ్వ మొగుడు కట్టయ్య అమ్ముకుని తిన్నాడు. భూమి లేనివాళ్లకే బర్రె అని ఆఫీసరు రాసుకున్నాడు.

"అమ్ముకున్నోనికి బర్రె ఇచ్చి, కాపాడుకున్నోనికి ఉత్త చెయ్యి సూపుడేంది సారూ?" అని అనసూర్య అందరి ముందే అడిగింది. నిజానికి అడగవలసిన మాటే. ఆఫీసరు తర్వాతి పేరు పిలిచాడు.

ఆ బర్రె చెవికి ఇన్సూరెన్సువాళ్లు ఇత్తడి బిళ్ల వేశారు. తన చెవులకు కమ్మల బదులు వేపపుల్లలే ఉన్నాయని అనసూర్యకు ఆ రోజే గుర్తొచ్చింది. రాజవ్వ పొద్దున్నే కాశిబుగ్గ హోటలుకు పాలు మోసుకుపోయేది, సాయంత్రం అక్క వరసైన అనసూర్య ఇంటికి చెంబెడు చల్ల పంపేది. అనసూర్య నవ్వుతూ తీసుకుని గోడ వెనక పారబోసేది. పిల్లలు అడిగితే పులిసిపోయిందనేది. కడుపుమంటకు చల్ల మందు కాదు మరి.

మరుసటేడు వానలు మొహం చాటేశాయి. కోసిన జొన్నచేలో మోళ్లకు పిలకలొచ్చి ఎండకు వాడిపోయాయి. ఆ పిలకల్లో నాము ఉంటుంది. విషమే అది, మేసిన పశువు పడి చస్తుందని ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఎడ్లకు గడ్డి కోస్తున్న అనసూర్యకు రాజవ్వ బర్రె పలుపు తెంపుకుని ఆ చేలోకి దిగుతూ కనిపించింది. ఒక్క అదిలింపు చాలు. ఆమె కొడవలి పక్కన పెట్టి గట్టు మీద కూర్చుంది. 'నేను చూడలేదు' అనుకుంది. పోనీ, పీడ పోతుంది అని కూడా అనుకుంది.

బర్రె నోట నురగ వచ్చింది. ముందుకాళ్లు మడిచి కూలబడి, దూడను పిలిచినట్టు అరిచింది. అప్పుడు లేచింది అనసూర్య. ఇంటికి ఉరికి, పండక్కి దాచిన బెల్లం మొత్తం నీళ్లలో పిసికి తెచ్చి గొట్టంతో దాని గొంతులో పోసింది. కబురందిన పశువుల డాక్టరు సైకిలు మీద వచ్చి సూది వేశాడు. పొద్దుగూకేసరికి బర్రె లేచి నిలబడింది.

తెల్లారి రాజవ్వ వచ్చింది. చెంబులో ఈసారి చల్ల కాదు, చిక్కటి పాలు.

"నువ్వు సూసినవు గన్క బతికిందక్కా."

అనసూర్య చెయ్యి చాపలేకపోయింది. "ముందుగాలనే సూసిన రాజవ్వా. అది చేన్లకు దిగంగనే సూసిన. సూసి కూసున్న."

"ఎర్కనే అక్కా. నువ్వు కోసిన మోపు కాడికెల్లి చేను మొత్తం కనవడ్తది."

రాజవ్వ చెంబును ఆమె చేతుల్లో పెట్టి, కాసేపు ఆ చేతులు వదల్లేదు.

"అదే బర్రె నీకొచ్చుంటే, నేనైతే కూసున్న కాడికెల్లి లేవకనే పోదును."