గుంటకు మూడడుగుల దూరంలో

నా హ్యాండిక్యాప్ ఇరవై నాలుగు నుంచి పదిహేనుకు దిగిన ఆ ఆరు నెలల్లో నేను ఒక్కరోజు కూడా నిండుగా సంతోషపడలేదు. ఎవరో ఏదో చేస్తున్నారన్న అనుమానం లోపల తొలుస్తూనే ఉండేది. అనుమానం అబద్ధం కాదు. ఎవరిని అనుమానించాలో అక్కడే పొరబడ్డాను.

గోల్ఫ్ ఎరగనివాళ్లకు ఒక్క సంగతి చెప్పాలి. హ్యాండిక్యాప్ అంటే ఆటగాడి బలహీనతను బట్టి క్లబ్బు ఇచ్చే అంకె. పద్దెనిమిది గుంటల్లో బంతి వేయడానికి గట్టి ఆటగాడికి డెబ్భై రెండు దెబ్బలు పడితే, నాలాంటివాడికి ఇంకో ఇరవై నాలుగు పడతాయని ఒప్పుకుని, వాటిని మినహాయిస్తారు. ఆట బాగుపడేకొద్దీ అంకె తగ్గుతుంది, గౌరవం పెరుగుతుంది. అయితే అంకె తగ్గితే, పోటీలో ఇద్దరి అంకెల తేడాను బట్టి ఎదుటివాడు మనకు ఇవ్వవలసిన దెబ్బలూ తగ్గిపోతాయి. ఇది నాకు తెలుసు. తెలిసీ దాని గురించి ఆలోచించలేదు.

కోయంబత్తూరులో పంపుల భాగాలు పోతపోసే ఫౌండ్రీలో ముప్పై ఏళ్లు పనిచేశాను. పోత చల్లారాక చిన్న సుత్తితో తట్టి, శబ్దం విని, లోపల పగులు ఉందో లేదో చెప్పడం నా పని. పైకి నున్నగా కనిపించేదాన్ని నమ్మకపోవడానికే నాకు జీతం ఇచ్చారు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. నా భార్య ఉప్పు తగ్గించానంటే కూడా నాలుకమీద వేసుకుని చూసేవాణ్ని.

డాక్టరు రోజూ నడవమన్నప్పుడు నన్ను గోల్ఫ్‌కు తీసుకెళ్లింది మా బావ. మేనమామ కొడుకు, నాకంటే మూడేళ్లు పెద్ద. ఇద్దరం ఒకే పత్తి చేలల్లో పెరిగాం. ఆయనకు ఒట్టన్‌చత్రంలో కూరగాయల మండీ ఉంది. శుక్రవారం సాయంత్రం కోయంబత్తూరు ఇంటికి వచ్చి, శనివారం పొద్దున్నే క్లబ్బులో ఉండేవాడు. ఆయన హ్యాండిక్యాప్ పది. ఏటా జనవరిలో క్లబ్బులో జరిగే పోటీలో మేమిద్దరం ఒకరినొకరం ఎదుర్కోవడం ఆనవాయితీ అయింది. అందులో ఎవరు ఎక్కువ గుంటలు గెలిచారన్నదే లెక్క. పోయినసారి ఆయన నాకు పద్నాలుగు దెబ్బలు ఇచ్చాడు, నేను ఒక గుంట తేడాతో గెలిచాను. మధ్యాహ్నం భోజనంలో ఆయన నవ్వుతూనే ఉన్నాడు కానీ పాయసం ముట్టలేదు.

ఆ తర్వాత నాకు ఆశ పుట్టింది. ఒకరి దయమీద కాకుండా నా చేతులతో గెలవాలని. క్లబ్బులో నేర్పే మాస్టర్‌ను అడిగాను. యాభై ఏళ్లుంటాయి. పోదనూరు రైల్వే కాలనీ వెనక ఇల్లు. ఒకప్పుడు ఇతరుల కర్రల బ్యాగులు మోసి, చూసి చూసి తనే నేర్చుకుని, చివరికి నేర్పేవాడైన మనిషి. మెడలో నల్లతాడుకు చిన్న శిలువ. మాటలు తక్కువ. మేం తమిళంలో మాట్లాడుకునేవాళ్లం. ఆయన నన్ను సార్ అనేవాడు, నేను ‘వాంగ మాస్టర్’, అంటే రండి మాస్టర్ అని, మర్యాదగానే పిలిచేవాణ్ని.

మొదటి రెండు నెలలు ఆయన నన్ను పెద్ద కర్ర పట్టుకోనివ్వలేదు. గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గ్రీన్ మీద, దాని అంచుల్లో, చిన్న చిన్న దెబ్బలే. కుడి చంకలో తువ్వాలు పెట్టి, అది జారకుండా కొట్టమనేవాడు. నా ఫోన్‌లోనే నా ఊపు వీడియో తీసి, ఆపి ఆపి చూపించి, మోకాలు ఎక్కడ కదులుతోందో వేలితో పెట్టి చెప్పేవాడు. పాఠాలు సాగదీయడానికే ఈ తతంగమని నాకు అనిపించింది. పెద్ద దెబ్బ ఈయనకే సరిగా రాదేమో అని కూడా అనుకున్నాను. ఒకరోజు ముందుగా వెళ్లి చాటున నిలబడి చూశాను. ఒంటరిగా కొడుతున్నాడు. బంతి చివరి జెండా దాటి కొండలవైపు పోయింది. సరే, వచ్చు. మరి ఎందుకు నేర్పడు?

మూడో నెలలో పెద్ద కర్ర ఇచ్చాడు. బంతి నేరుగా పోవడం మొదలైంది. అసలు ఆటలో నా తీరు చూడాలని, శనివారాలు తనే నా బ్యాగు మోస్తానన్నాడు. నేర్పేవాళ్లు అలా మోయరు. ఈయన ఎందుకు మోస్తున్నాడన్న ప్రశ్న ఆరోజే నాలో పడింది.

హ్యాండిక్యాప్ ఇరవై రెండయింది. పంతొమ్మిది. పదిహేడు. క్లబ్బు యాప్‌లో ఆ అంకె చూసినప్పుడల్లా నాకు సుత్తి తీసుకుని తట్టాలనిపించేది. ఇంత తొందరగా ఎవరూ బాగుపడరు. నేను గమనించింది ఒకటి: బంతి ఎత్తు గడ్డిలోకి పోయినప్పుడు మాస్టర్ ముందు నడిచి వెతికేవాడు. నేను చేరేసరికి అది కొట్టడానికి వీలుగా గడ్డిమీద తేలుతూ ఉండేది. శిష్యుడి అంకె తగ్గితే గురువుకు పేరు. కాలితో తోస్తున్నాడని తేల్చుకున్నాను.

మా ఇళ్లలో తరతరాలుగా తెలుగే. బడిలో తమిళం, పనిలో ఇంగ్లిష్. బయటివాళ్ల ముందు గుట్టుగా మాట్లాడాలంటే మాకు తెలుగు ఉండేది. మాస్టర్ నాలుగడుగుల వెనక బ్యాగుతో నడుస్తుండగానే బావతో అన్నాను.

“బావా, వీడు బాలును కాలితో తోస్తా ఉండాడు. ప్రతిసారీ గడ్డిమీదనే ఉండాది, చూస్తివా?”

“ఉండనీ. నీకు మేలే కదా,” అన్నాడు బావ.

ఆ తర్వాత ప్రతి శనివారం అదే మాట. వీడు ఇటు పోయినాడు, వీడు వంగినాడు. ఒకసారి బంతి కానుగ చెట్ల కిందికి పోతే, నేను మాస్టర్‌కంటే ముందు ఉరికాను. బంతి గట్టినేలలో గొయ్యిలో ఇరుక్కుని ఉంది. తోసి ఉంటే అలా ఉండదు. అయినా నా అనుమానం తీరలేదు. నేను పరిగెత్తడం చూసి ఇవాళ ఊరుకున్నాడనుకున్నాను. క్లబ్బు సెక్రటరీ చెవిన కూడా ఒక మాట వేశాను. పేరు చెప్పలేదు, కానీ నా బ్యాగు మోసేది ఎవరో ఆయనకు తెలుసు.

అంకె పదిహేనుకు వచ్చిన వారం, బుధవారం పొద్దున పాఠానికి వెళ్లాను. పాలక్కాడు కనుమ గాలికి జెండాలు పటపటలాడుతున్నాయి. మాస్టర్ గ్రీన్ పక్కన నిలబడి ఉన్నాడు. నేను రాగానే ఆయన నోటి నుంచి తెలుగు వచ్చింది.

“సార్, ఈ శనివారం నుంచి నేను బ్యాగు ఎత్తేది లేదు.”

ఏ శనివారం ఏమేమి అన్నానో ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది.

“మీకు తెలుగు వచ్చునా?” అన్నాను.

“మా అమ్మ, మా తాత, అందరూ ఇదేదా మాట్లాడేది. పోదనూరులో మా వీధంతా ఇదే.”

“చెప్పకుండా ఉంటిరే.”

“మీరు అడగలేదు సార్. మాలాటివాళ్లకు తెలుగు వస్తుందని మీకు తోచలేదు.” బంతుల బుట్టను దగ్గరకు లాక్కున్నాడు. “తోస్తా ఉండాడు అంటిరి. మోటు గడ్డిలో బాలు తానేదా పైన నిలిచేది. అది పరవాలేదు. చూడనివాళ్లు ఏదన్నా అంటారు. నా ఎదురుగా మాస్టర్ అని, తిరిగితే వీడు అంటిరి. అది కష్టమయిపోయె.”

ఆయన నన్ను క్షమాపణ చెప్పనివ్వకుండా, గుంటకు మూడడుగుల దూరంలో పది బంతులు వరసగా పెట్టాడు. వేయమన్నాడు. ఐదు పడ్డాయి, ఐదు పక్కనుంచి జారిపోయాయి. గాలి ఎక్కువగా ఉందని గొణిగాను. మళ్లీ పెట్టాడు. ఈసారి ఆరు.

“పోయిన శనివారం ఈ దూరంలో మీరు ఎన్ని వేస్తిరి సార్?”

గుర్తు చేసుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

“ఒక్కటీ వేయలేదు. మీ బావ సార్ ‘ఇడిసిపెట్టు, అది లోపలే’ అనిరి. మీరు ఎత్తుకొంటిరి. ఆయన దానికి ఒక దెబ్బే అని రాసుకొనిరి. ఆట ఆటకూ ఏడో ఎనిమిదో అట్ల పోతాయి. మీరు వేసింటే సగం తప్పుతాయి. ఇప్పుడు మీరే చూస్తిరి.”

దెబ్బల లెక్క ఉండే నా కార్డు బావ రాస్తాడు, నేను ఆయనది. ఇద్దరం కింద సంతకం చేస్తాం. మా క్లబ్బులో హ్యాండిక్యాప్‌కు ఇచ్చే కార్డుకైతే ప్రతి బంతీ గుంటలో పడేదాకా కొట్టాలి. ఆ నియమం నాకు తెలుసు. స్నేహంగా ఆడేచోట ఎవరూ పట్టించుకోరులే అనుకున్నాను.

“మీరు ఆయన్ని అనుమానిస్తుండారా?” అని అడిగాను.

“మొదట మిమ్మల్నే అనుమానిస్తిని సార్. పాఠంలో తప్పే మనిషి కార్డులో ఎట్ల తప్పడని. అందుకేదా నేనే బ్యాగు ఎత్తింది. మీ బావ సార్ ఎందుకు చేసిరో నాకు తెలియదు. జనవరి పోటీలో ఇట్ల ఇడుస్తారా?”

పోయిన జనవరిలో బావ ఒక్కటంటే ఒక్కటి వదల్లేదు. రెండడుగుల దూరం నుంచి కూడా వేయించాడు. పదిహేను హ్యాండిక్యాప్‌తో దిగితే నాకు వచ్చేది పద్నాలుగు కాదు, ఐదు దెబ్బలే.

శనివారం బ్యాగు నేనే తోపుడు బండిమీద పెట్టుకుని లాక్కున్నాను. మొదటి గ్రీన్ మీద బావ ఇడిసిపెట్టమన్నాడు. నేను వంగి వేశాను. తప్పింది. రెండో దాంట్లోనూ అన్నాడు. వేశాను, పడింది. నాలుగో గుంట నుంచి ఆయన ఆ మాట అనడం మానేశాడు. ఆరోజు నూట ఒక్క దెబ్బ పట్టింది. కార్డుమీద సంతకం చేస్తూ, ఆయన మొహంలోకి చూసి, ఇన్నాళ్లు ఎందుకు వదిలావని అడిగాను.

ఆయన టోపీ తీసి తల తుడుచుకున్నాడు. “అంకె తగ్గితే నువ్వు ఎంత సంతోషపడతావో చూస్తిని. పాపం అనిపించె. ఇంకేమి?”

ఆ కళ్లు నిజం చెప్పినట్టే ఉన్నాయి. టమాటా ధర దిగిపోతుందని తెలిసీ రైతు ముందు మామూలుగా మాట్లాడేటప్పుడు కూడా ఆయన కళ్లు అలాగే ఉండటం నేను చూశాను. ఏది నమ్మాలో ఈరోజుకీ నాకు తెలియదు. కానీ బంతులు ఎత్తుకున్న చేతులు నావే. ఆయన వదిలితే నేను ఒక్కసారి కూడా వద్దనలేదు. ఇల్లు చేరేదాకా నన్ను తొలిచింది బావ మాట కాదు, ఇదే.

సోమవారం మాస్టర్‌ను వెంటబెట్టుకుని సెక్రటరీ దగ్గరకు వెళ్లాను. ఆ ఆరు నెలల కార్డులు పక్కన పెట్టమన్నాను. మాస్టర్ గురించి నేను అన్నది తప్పని, ఆయన ముందరే చెప్పాను. మాస్టర్ తలూపాడు, అంతే. తర్వాత ఇద్దరం నడుస్తుంటే తెలుగులో క్షమాపణ అడిగాను. సరే సార్ అన్నాడు. పాఠం ఆపనన్నాడు. బ్యాగు మాత్రం ఎత్తనన్నాడు. నేను బలవంతం చేయలేదు.

క్లబ్బు కమిటీ మూడు ఆటలు తమ ఎదుట ఆడించి నా అంకెను ఇరవై ఒకటికి పెంచింది. క్లబ్బులో రెండు వారాలు నవ్వులు. కొందరు నేను జనవరి కోసం కావాలనే పెంచుకున్నానని చెవులు కొరుక్కున్నారు. ఇన్నేళ్లు అందరినీ తట్టి చూసినవాణ్ని, ఇప్పుడు నన్ను అందరూ తట్టి చూశారు.

జనవరిలో బావ నాకు పదకొండు దెబ్బలు ఇచ్చాడు. చాలా బాగా ఆడాడు. నేను చిన్నవి చాలావరకు వేశాను కానీ ఇసుక గోతుల్లో మూడుసార్లు చిక్కుకుని, ఇంకా రెండు గుంటలు మిగిలుండగానే, పదహారో గుంట దగ్గరే ఓడిపోయాను. ఆయన భుజంమీద చేయి వేశాడు. నేనూ వేశాను.

ఆ తర్వాత ఏడాది మాస్టర్ నన్ను ఇసుకలో నిలబెట్టాడు. బంతికి వెనక ఇసుకను కొట్టాలి, బంతిని కాదు. నేర్చుకోవడానికి వర్షాకాలమంతా పట్టింది. ఇప్పుడు నా హ్యాండిక్యాప్ పద్దెనిమిది. ప్రతి కార్డులో చివరి దెబ్బదాకా ఉంది. బావ, నేను శనివారాలు ఆడుతూనే ఉన్నాం. మాస్టర్‌తో ఇప్పుడు తెలుగులోనే మాట్లాడతాను, ఆయన వెనక కూడా మాస్టర్ అనే అంటాను. పద్దెనిమిది వచ్చిన రోజు ఫోన్ చూపిస్తే, ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చదివి, మోకాలు ఇంకా కదులుతోంది సార్ అన్నాడు.