ఏటి మెట్ల మీద సమ్మెట

సైటులో ఆవిడకు పెట్టిన పేరు అగ్గిమేడమ్. ఎదురుగా ఎవరూ అనరు. అన్నవాడు మర్నాడు పనిలో ఉండడు. ఆర్కిటెక్టుగా మొదటి ఉద్యోగంలోనే, నీళ్ళలాంటి కాంక్రీటు పోయిస్తున్న మేస్త్రీని ఇనప గమేళా పెట్టి కొట్టింది. తర్వాత ఒక కాంట్రాక్టరు చొక్కా చించింది. ఇంకొకడు ఆవిణ్ణి పరంజా మీంచి తోసేశాడు. ఎడమ మోచెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేదు. "ఇళ్ళు కట్టడానికెళ్తున్నావా, యుద్ధానికా?" అని మొగుడు అడిగేవాడు. అడుగుతూనే కట్టు కట్టేవాడు.

ఇంత కొట్లాడినా తను గీసింది గీసినట్టు ఒక్కటీ లేవలేదు. ఒకచోట కిటికీలు మింగేశారు, ఇంకోచోట వరండా మింగేశారు. యాభై దాటాక ఏటి ఒడ్డు పని దక్కింది. గోదాముల గోడ వెనక, జనానికి కనబడకుండా పడివున్న ఏరు అది. గోడ పడగొట్టి నీళ్ళదాకా వెడల్పాటి మెట్లు దించాలి. ఎవరైనా సరే టిక్కెట్టు లేకుండా వచ్చి కూర్చోవాలి, నీళ్ళలో కాళ్ళు పెట్టుకోవాలి. ఈ ఒక్కటి నిలబడితే చాలు, ఇక పెన్సిలు పట్టకపోయినా ఫరవాలేదనుకుంది.

చిక్కల్లా కాంట్రాక్టు ఆవిడ మరిదికి దక్కడం. అంతకుముందు వాడు కట్టిన బడి ప్రహరీ ఒక్క వానకే పడుకుంది. ఆ రోజు పదిమందిలో వదిన వాడి చెంప పగలగొట్టింది. అప్పట్నించి ఇద్దరికీ మాటల్లేవు.

మెట్ల అడుగున పెద్ద తూము వెయ్యాలని ఆవిడ ప్లానులో గీసింది. ఏరు పొంగి తగ్గినప్పుడు మెట్ల వెనక మట్టిలో చిక్కిన నీరు అందులోంచి పోవాలి. పోకపోతే ఆ నీరే మెట్లను ముందుకు తోసేస్తుంది. ఖర్చెక్కువని మున్సిపల్ ఆఫీసువాళ్ళు తూము కొట్టేశారు. ఆవిడ మీటింగులో ఆఫీసు ఇంజినీరు బల్ల మీదికి కుర్చీ విసిరినా లాభం లేకపోయింది. మరిది ఓ మూల కూర్చుని గోళ్ళు చూసుకున్నాడు.

ప్రారంభోత్సవానికి ముందురోజు పొద్దున ఆవిడ చిన్న సుత్తితో మెట్టు మెట్టూ కొట్టి చూస్తూ దిగింది. పక్కనే ఇంజినీరు. పైమెట్లన్నీ ఖంగుమన్నాయి. అట్టడుగు మెట్టు బోలుగా మోగింది.

"దీని కిందేముంది?"

వెనకే దిగుతున్న మరిది ఇంజినీరు వంక చూసి గొంతు తగ్గించాడు. "ఇక్కడొద్దు వదినా. ఇంటికెళ్ళాక చెప్తాను."

"ఇంటికెళ్ళాక చెప్పేదేంట్రా? లోపల డొల్ల వదిలేసి పైన పలక పోశావు, అంతేగా?"

"నీ కాళ్ళు పట్టుకుంటాను. ఈ ఒక్కసారి నమ్ము."

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. కూలీ చేతిలో సమ్మెట లాక్కుంది. మరిది దాని కర్ర పట్టుకుని ఆపాడు. ఆవిడ ఆ కర్రతోనే వాడి మూతి మీద పొడిచింది. పళ్ళు రెండు ఊడి కొత్త మెట్టు మీద పడ్డాయి. అయినా వాడు వదల్లేదు. మెడ పట్టి తోస్తే ఆవిడ మెట్టంచు మీద పడి నుదురు చిట్లింది. కూలీలు దగ్గరికి రావడానికే జంకారు. కంట్లోకి కారుతున్న నెత్తురు తుడుచుకుంటూ ఆవిడ లేచి సమ్మెట ఎత్తింది. మరిది సరిగ్గా అక్కడే కాలు పెట్టాడు.

"కాలు తియ్యి."

"తియ్యను."

తీస్తాడనుకుంది. తియ్యడని తెలిస్తే మాత్రం ఆగేదా? ఆగేది కాదు. సమ్మెట దిగింది. ఎముక విరిగిన చప్పుడు పైమెట్టు మీదున్న వాళ్ళకి కూడా వినిపించింది. వాడు కేకపెట్టి పక్కకు దొర్లాడు. ఆవిడ ఆగలేదు. "పిల్లల గోడ తిన్నావు, ఇదీ తింటావా!" అంటూ పలక పగిలేదాకా బాదింది.

లోపల తూము కనబడింది.

గుండ్రంగా, శుభ్రంగా, అతుకులన్నీ పూసి, చుట్టూ గులకరాళ్ళు కూరి, మూతికి జల్లెడ బిగించి ఉంది. ప్లానులో రాసినదానికి వెంట్రుకవాసి తేడా లేదు. ఆఫీసు కొట్టేసిన తూమును వాడు తన సొంత ఖర్చుతో గుట్టుగా వేశాడు. జీవితంలో వాడు చేసిన నికార్సైన పని బహుశా అదొక్కటే.

"ఇది శాంక్షన్‌లో లేదే!" అన్నాడు ఇంజినీరు. "ఎవరు వెయ్యమన్నారు? వేసినవాణ్ణి బ్లాక్‌లిస్టులో పెడతాం, తెలుసా?"

మరిది నోరెందుకు మెదపలేదో ఆవిడకు అప్పుడర్థమైంది.

"నేను వెయ్యమన్నాను. రాసుకోండి."

"మీ లైసెన్సు పోతుందండీ."

"పోనివ్వండి. ఆ తూము మీద మాత్రం ఎవడైనా చెయ్యి వేశాడో…"

ఇంజినీరు సమ్మెట వంక చూసి, రెండు మెట్లు పైకెక్కి పెన్ను తీశాడు.

ఆవిడ సమ్మెటను ఏట్లోకి విసిరేసింది. ఆ నిమిషంలో తన చేతులంటే తనకే అసహ్యం వేసింది. మరిది పక్కన మోకాళ్ళ మీద కూలబడి, "ఒరేయ్ నాన్నా" అంటూ వాణ్ణి లేవదీద్దామని చెయ్యి చాపింది.

వాడు రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు. "కొట్టకు వదినా," అన్నాడు, "నువ్వు గీసినట్టే వేశాను."