బోడి నేల మీద పనస మొక్కలు

రోడ్డు పక్కన నర్సరీ నడిపే ఆమెను అందరూ మొక్కలక్క అనేవాళ్లు. భర్త పోయాక ఆమెకు తోడుగా తమ్ముడు వచ్చేశాడు. నలభై దాటినా పెళ్లి ఊసెత్తేవాడు కాదు. ఎవరైనా అడిగితే, మా అక్కకి సంచుల నిండా పిల్లలే, మేనమామగా వాళ్లకి నీళ్లు మొయ్యడంతోనే సరిపోతోంది అని నవ్వించేవాడు.

పనస, రాంబుటాన్ పండ్ల గింజల్ని సంచుల్లో నాటి, ఎండ ఆపే వల, షేడ్‌నెట్ కింద పెంచేది ఆమె. నీడలో వచ్చిన ఆకు వెడల్పుగా, పల్చగా, చూడముచ్చటగా ఉంటుంది. ఉన్నపళంగా ఎండలో పెడితే మాడిపోతుంది. అందుకని ముందు పొద్దుటెండ మాత్రం చూపించి, ఎండ ముదరకముందే నెట్ కప్పేసేది. రోజురోజుకీ ఆ సమయం కొంచెం కొంచెం పెంచేది. అలా వెలుగుకి అలవాటుపడ్డ మొక్క కొత్తగా వేసే ఆకు చిన్నదిగా, మందంగా వస్తుంది. అలాంటివి నాలుగైదు ఆకులు వేస్తే గానీ మొక్కను గడప దాటనిచ్చేది కాదు.

ఆ వేసవిలో రోడ్డు వెడల్పు చేస్తామంటూ అధికారులు స్థలం ఖాళీ చెయ్యమన్నారు. వానలు పడేదాకా ఆగండని కాళ్లావేళ్లా పడినా వినలేదు. ఊరి చివర దొరికిన కొత్త చోటు ఒట్టి బోడి నేల. ఏళ్ల తరబడి ఎండకు పెళుసుబారిన పాత నెట్ విప్పుతుంటేనే పేలికలైంది. కొత్తది రావడానికి వారం పడుతుందన్నాడు నెట్‌లు అమ్మే కొట్టతను.

మొక్కలు దింపిన మర్నాటికే ఆకులు తెల్లబారాయి. తర్వాత అంచులు గోధుమరంగుకు తిరిగి ముడుచుకుపోయాయి. ఇంట్లో ఉన్న దుప్పట్లు, కర్టెన్లు, దాచుకున్న భర్త చొక్కాలు కూడా తెచ్చి కర్రలకు కట్టి నీడ చేసింది. అక్కడ కుళాయి లేదు. తమ్ముడు దూరం నుంచి బకెట్లతో నీళ్లు మోశాడు. మధ్యాహ్నం తల తిరుగుతోందన్నాడు.

"ఇంకొక్క వరస తడిపేసి కూర్చోరా," అంది ఆమె, మొక్కల మీంచి చూపు తిప్పకుండానే.

ఆ వరస సగంలో ఉండగానే కూలిపోయాడు. ఒంటి మీద చెమట చుక్క లేదు, ఒళ్లు పెనంలా కాలుతోంది.

ఆస్పత్రిలో ప్రాణం నిలిచింది. మాట మాత్రం తడబడేది, చేతులు వణికేవి. ఇక ఎండలో పని పనికిరాదన్నాడు డాక్టరు. మంచం పక్కన కూర్చున్న అక్కను చూసి అతను మెల్లగా నవ్వాడు.

"మొక్కలకి కట్టిన గుడ్డల్లో ఒక్కటి నా నెత్తికి చుట్టుకోమంటే పోయేది కదక్కా."

ఆమెకు నవ్వు రాలేదు.

రాంబుటాన్‌లలో ఒక్కటీ దక్కలేదు. పనసల్లో సగం మాత్రం ఆకులన్నీ రాల్చుకుని, పుల్లల్లా నిలబడి, కొన్నాళ్లకు చిగురించాయి. కొత్త ఆకులు అరచేతిలో సగం కూడా లేవు. మందంగా, బిరుసుగా ఉన్నాయి. కొనడానికి వచ్చినాయన, ఇంత గిడసబారిపోయాయేమని పెదవి విరిచాడు. ఇవి ఎండకి తట్టుకుంటాయండీ అని చెప్పి, ఆమె సంచులు బండిలోకి ఎక్కించింది.

తమ్ముడు ఒక గోడౌన్‌లో కాపలా పనికి కుదిరి, అక్కడే గదిలో ఉంటున్నాడు. ఇంటికి రమ్మంటే, వస్తాలే అంటాడు. కోపమా అంటే, నీ మీద కోపమేంటక్కా అంటాడు. రాడు. ఆదివారాలు ఆమే వెళుతుంది. ఇద్దరూ గోడౌన్ లోపల బెంచీ మీద కూర్చుంటారు. మొక్కల సంగతి అతను అడగడు, ఆమె చెప్పదు. కాసేపటికి, బస్సు వెళ్లిపోతుందేమోనంటూ లేస్తుంది.