పోనంటే పోనన్న ఫోల్డర్

ఆ రోజుల్లో అంటే రాజుల కాలమేమీ కాదు, మూడు చలికాలాల కిందటి మాట. అయినా నా వరకు అవే చిన్ననాటి రోజులు. ఒంటికి అరవై నాలుగేళ్లున్నా, అక్షరాల లెక్కన నాకప్పుడు రెండో ఏడు. రెండేళ్ల పిల్లకు ఎంత పెంకితనం ఉంటుందో అంతా ఉండేది. గుంటూరులో మిరపకాయల తొడిమలు తీస్తూ బతికినదాన్ని, సంతకం పెట్టమంటే బొటనవేలు చాపినదాన్ని, కెనడాలో, మిస్సిసాగాలో మా అమ్మాయి ఇంట్లో, నేల కింద ఉండే బేస్‌మెంట్ గదిలో కూర్చుని కంప్యూటర్ మీద తెలుగు రాయడం నేర్చుకున్నాను. (పెన్ను పట్టుకుంటే ఇప్పటికీ వేళ్లు కొంకర్లు పోతాయి. మీట నొక్కితే అక్షరం గుండ్రంగా వచ్చి కూర్చుంటుంది, ఎవరికి చేదు?)

నాకు అక్షరాలు నేర్పింది మా వియ్యపురాలు, అంటే మా అల్లుడి తల్లి. వరంగల్ వైపు బడిలో పంతులమ్మగా పనిచేసి రిటైరైన మనిషి. హాలిఫాక్స్‌లో కూతురి దగ్గర ఉంటుంది. రోజూ పొద్దున తొమ్మిదింటికి వీడియోలో పాఠం. అక్కడి గడియారం మాకంటే గంట ముందు. నేను కాఫీ గ్లాసుతో కూర్చునేసరికి ఆవిడ పూజ ముగించి, తల దువ్వుకుని, ఇస్త్రీ చీరలో ప్రత్యక్షమై, "ఏంది వదినా, ఇప్పుడే లేచిన్రా?" అనేది. ఎంత తెల్లవారగట్ల లేచినా ఆ మనిషి నాకంటే గంట ముందే ఉండేది. నాకు అక్కడే మండేది. దానికి తోడు ప్రతిదానికీ "అట్ల కాదు వదినా!" గుణింతం తప్పితే అట్ల కాదు. కుర్చీలో జారగిలబడితే అట్ల కాదు. ఒకరోజు నా వెనక, గది మూలనున్న చిన్న పొయ్యి మీద ఇడ్లీలు చూసి, "అట్ల కాదు వదినా, రవ్వ బాగ కడగాలె" అంది. నలభై ఏళ్లుగా ఇడ్లీ వేస్తున్నదాన్ని! గురువు కదా, ఎదురు చెప్పలేను. అల్లుడి తల్లి కదా, అమ్మాయికి చెప్పుకోలేను. (చెప్పబోతే "అమ్మా, ప్లీజ్" అంటుంది. ఆ ఒక్క ముక్కతో నా నోరు మూయించడం దానికి అలవాటు.) ఇక చేసేది లేక, ఆవిడ నేర్పిన అక్షరాలతోనే ఆవిడను తిట్టడం మొదలుపెట్టాను. "ఆవిడ" అని ఒక ఫోల్డర్ చేసి, కోపం వచ్చినప్పుడల్లా ఒక కాగితం రాసి అందులో పడేసేదాన్ని. పడేశాక మళ్లీ తెరిచి చూసేదాన్ని కాదు. ట్రంకుపెట్టెలో దాచినట్టే అనుకున్నాను. నా గదిలోని పెట్టెలో పెట్టినది నా గదిలోనే ఉంటుంది కదా!

అలా ఏడాది తిట్టుకున్నాక, ఒక ఆదివారం మా అల్లుడు, "అత్తయ్యా, శుక్రవారం అమ్మ వస్తోంది. పది రోజులు ఉంటుంది. మీ రూములోనే పడుకుంటుంది, ఇద్దరికీ కాలక్షేపం" అన్నాడు. నా గదిలో పడుకుంటే నా కంప్యూటర్ ముట్టుకోకుండా ఉంటుందా? ఫోటోలు చూస్తానంటుంది, అందులో ఆవిడ గురించి ఏడాది పాటు నేను రాసిన తిట్లన్నీ చూస్తుంది. పాఠాలు ఆగిపోతే పోనీ, మా అమ్మాయి కాపురంలో నా నోటి మంట అంటుకుంటే?

సోమవారం పొద్దున్నే ఫోల్డర్ తీసేశాను. కంప్యూటర్ ఇంగ్లీషులో ఏదో అడిగింది. ఎడమ పక్కది నొక్కితే సరే అన్నట్టని అమ్మాయి ఎప్పుడో చెప్పింది. నొక్కాను. పోయింది. ఆ ఆనందంలో సేమ్యా పాయసం కూడా చేశాను. మధ్యాహ్నానికి చూస్తే "ఆవిడ" మళ్లీ అక్కడే ఉంది. మళ్లీ తీశాను. మంగళవారం పొద్దున్నే కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు మళ్లీ అక్కడే! మూడోసారి తీసి, తీగ పీకేసి, కంప్యూటర్ మీద దుప్పటి కప్పాను. (నవ్వకండి. ఒళ్లు మండినప్పుడు మీరేం చేస్తారో నాకు తెలియదా?) సాయంత్రం దుప్పటి తీసి, తీగ పెట్టి చూస్తే మళ్లీ వచ్చింది. నాలుగోసారి తీసేశాను. బుధవారం పొద్దున మళ్లీ వచ్చింది. అసలు ఆవిడే నయం, పొమ్మంటే హాలిఫాక్స్ అయినా పోతుంది.

ఆ రోజు మా అల్లుడికి ఇంటి నుంచే పని. ఆఫీసులో పెద్ద పెద్ద కంప్యూటర్లను లేపి పడుకోబెట్టే మనిషి. పరువు పక్కన పెట్టి పిలిచాను.

"ఏం లేదత్తయ్యా, రీస్టార్ట్ చేస్తే పోతుంది" అన్నాడు. చేశాడు, పోలేదు. "ఏదైనా ఫైల్ ఓపెన్‌లో ఉందేమో" అని ఏవేవో మూశాడు. తీసేశాడు. మేమిద్దరం చూస్తుండగానే మళ్లీ వచ్చి కూర్చుంది. అతనికీ పౌరుషం వచ్చింది. కుర్చీ లాక్కుని, చేతులు మడిచాడు.

"లోపల ఏముందో ఓపెన్ చేసి చూద్దాం."

"వద్దు!"

"చూస్తే కదా తెలిసేది?"

"నాయనా, లోపల నా సొంత సంగతులు. బయటి నుంచే చావగొట్టు."

"సరే. 'ఆవిడ' అంటే ఎవరత్తయ్యా?"

"ఎవరైతే నీకెందుకు? నీ పని నువ్వు చూడు."

అతను నవ్వాపుకుని, ఎవరెప్పుడు ఏం పెట్టారో ఏం తీశారో రాసి ఉండే పట్టీ తెరిచాడు. చదువుతూ చదువుతూ నుదురు ముడేశాడు. "అత్తయ్యా, ఇది మీ కంప్యూటర్లోనే ఉన్నది కాదు. ఫోటోల కోసం మనందరికీ కలిపి పెట్టిన ఫ్యామిలీ ఫోల్డర్లో చేశారు మీరు. ఇందులో ఏం పెట్టినా నాకూ, మీ అమ్మాయికీ, హాలిఫాక్స్‌లో అమ్మకూ, చెల్లికీ కనిపిస్తుంది. మేం ముగ్గురం ఫోటోలు తప్ప ఇంకేం చూడం. కానీ మీరు తీసేసిన ప్రతిసారీ దీన్ని తిరిగి పెడుతున్నది మాత్రం... అమ్మ." ఫోన్ అందుకుని, "పొరపాటున నొక్కుతోందేమో. ఫోన్ చేసి అడగనా?" అన్నాడు.

"అడిగావంటే నేను గుంటూరు వెళ్లిపోతా!" అని అరిచాను. అతను రెండు చేతులూ ఎత్తి, మీటింగ్ ఉందని మెట్లెక్కి పారిపోయాడు.

శుక్రవారం దాకా నేను పడ్డ బాధ పగవాళ్లకు కూడా వద్దు. ఏడాది నుంచీ ఆ పెట్టె నడివీధిలో తెరిచి ఉంది. ఆవిడ ఒక్కమాట అనకుండా రోజూ తొమ్మిదింటికి నవ్వుతూ పాఠం చెప్పింది! అది తలుచుకుంటే నాకు సిగ్గు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. చదివింది కదా, అడగాలి కదా?

ఆవిడ వచ్చింది. టీ తాగింది. నా గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"అయిదుసార్లు తీసేసిన్రు వదినా."

"మీరు అయిదుసార్లు పెట్టారుగా." (తప్పు చేసినవాళ్లు గొంతు తగ్గించాలంటారు. నాకు చేతకాదు.)

"పెట్టకుంటే ఎట్ల? మీవి పోతే పోనీ, నావి కూడ పోతున్నయి."

"మీవేమున్నాయి అందులో?"

ఆవిడ నా వంక వింతగా చూసింది. "ఏడాది సంది మీ ఒక్కొక్క కాగితం కింద జవాబు రాస్తున్న. మీరు చూడనేలేదా? చదివి కూడ ఏమీ అనకుంట పాఠానికి కూసుంటున్నరు, ఎంత గుండె ధైర్యమున్న మనిషి అనుకున్న!"

ఆవిడే కంప్యూటర్ తెరిచింది. అన్నిటికంటే మొదటిది, ఇడ్లీల కాగితం తీసి, "చదువున్రి" అంది, పాఠం చెప్పే గొంతుతో. వేలు పెట్టి చదివాను. పైన నావి నాలుగు వరుసలు: ఆవిడకు ఇడ్లీ తెలియదు, తినకుండానే వంక పెట్టింది, అలాంటి నాలుకకు గట్టి ఇడ్లీయే సరి, నేను కడగను గాక కడగను. కింద ఆవిడది: "తినకుండా అనడం నా తప్పే. కానీ ఈవిడకు మాట వినే ఓపిక లేదు. పాఠం మధ్యలో పోపు పెట్టడానికి లేచిపోతుంది, నేను ఖాళీ కుర్చీని చూస్తూ కూర్చుంటాను. అయినా తొమ్మిది ఎప్పుడవుతుందా అని చూస్తాను. అమ్మాయి డ్యూటీకి వెళ్లాక రోజంతా నాతో మాట్లాడే మనిషి ఈవిడొక్కతే. అదీ తిడుతూ."

నేను చివరి వరుస రెండోసారి చదివాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి శాలువా సర్దుకుంటోంది.

"ఇప్పుడేం చేద్దాం? తీసేద్దామా?" అన్నాను.

"తీసేస్తే నేను మళ్ల పెడ్త" అంది.

మర్నాడు పొద్దున రవ్వ మూడుసార్లు కడిగి ఇడ్లీ వేశాను. ఆరు తిని, చెయ్యి కడుక్కుని, "ఇంకోసారి కడగాలె వదినా" అంది. ఆ సాయంత్రమే దాని మీద ఒక కాగితం రాశాను, ఆవిడ పక్కన కూర్చుని చూస్తుండగానే. మా అల్లుడు మాత్రం ఆ ఫోల్డర్‌కు ఏదో జబ్బు ఉందనే ఇప్పటికీ నమ్ముతున్నాడు.

ఇప్పుడు చేతులు కాస్త తిరిగాయి. కోపం వస్తే పది నిమిషాల్లో రాసి పారేస్తున్నాను. కానీ ఆ మొదటి నాలుగు వరుసలు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, ఆ కోపం చల్లారిపోకుండా మూడు రోజులు కాచుకుని కూర్చున్న ఆ ముసలి పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. అంత ఓపిక ఇప్పుడు నాకు లేదు.