నీలగిరి మొక్కల కరపత్రం

ఇవాళ నీలగిరి తైలం సీసా మూత తీయగానే మన నాలుగో తరగతి గుర్తొచ్చింది. పామిడి నేస్తాలూ, మీకూ గుర్తుందా? టీచరమ్మ నీలగిరి చెట్టు పాఠాన్నీ, మొక్కలమ్మే ఆయన ఊరంతా పంచిన కరపత్రాన్నీ పక్కపక్కన పెట్టి చదివించింది.

"పుస్తకంలో ఉండేది, దీంట్లో లేనిది ఏంది?" అని అడిగింది.

ఆ చెట్టు నీళ్లు బాగా తాగుతుందన్న మాట కరపత్రంలో ఎక్కడా లేదు. మా బావి పక్కన నాటడానికి నాయన అప్పటికే ఆ మొక్కలే తెప్పించాడు. ఇంటికి పరుగెత్తి చెప్పాను.

"మీ టీచరమ్మకు సేద్యం తెల్సునా?" అని నాయన నన్నే అనుమానంగా చూశాడు. అయినా మొక్కలాయన డబ్బుల కోసం రాగానే అడిగాడు: "ఏమప్పా, ఇవి నీళ్లెంత తాగుతాయి?"

ఆయన నవ్వి మాట మార్చాడు. నాయన నవ్వలేదు.

"నీ మొక్కలు ఎత్తుకోని పోప్పా" అన్నాడు.

ఆయన వెళ్లాక నాయన నా పక్కన కూర్చుని, "ఆ పుస్తకంలో ఇంగా ఏముండాదో సదువు పాపా" అన్నాడు.